మళ్ళీ వస్తామన్న మెసేజ్

మంగళవారం పొద్దున ఏడింటికి సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో కుర్చీలు కడగడం మొదలైంది. అది గజేందర్ టెంట్‌హౌస్. కింద గోదాము, పైన కాపురం. ఏ ఇంటి నుంచి సామాను తిరిగొచ్చినా మర్నాడు పొద్దున అత్తాకోడళ్ళు నల్లా దగ్గర కూర్చోవాల్సిందే. తిన్నది ఎవరో, అడుగంటిన బగోనెలు తోమేది వీళ్ళు. దీని గురించి అత్త రోజారాణి రోజుకొకసారి మొత్తుకుంటుంది. మొత్తుకుని, ఇంకెవరి చేతికీ పీచు ఇవ్వదు.

"గా మూలకు మసి అట్లనే ఉంది. కండ్లు పెట్టి చూడు పిల్లా," అంది.

"చూస్తున్న అత్తమ్మా."

"ఏం చూస్తున్నవ్? చేతులు గీడ, పానం గా లాప్‌టాప్ కాడ."

సింధుజ నవ్వి ఊరుకుంది. ఆ మాటలో అబద్ధం లేదు. కిందికి దిగే ముందే ఆమె లాప్‌టాప్‌లో ఉండే తన ఏఐ ఏజెంట్లకు ఒక పని పురమాయించి వచ్చింది. ఒకే ముహూర్తానికి ఇద్దరు ఒకే షామియానా అడిగితే ఫోన్‌లో ఎర్రగీత కనబడాలి. తను ఇక్కడ రెండు బగోనెలు తోమేలోగా వాళ్ళు అక్కడ ఆ పని చేసి పెడతారు. తలుచుకున్నప్పుడల్లా కొంచెం గర్వంగా ఉంటుంది, కొంచెం భయంగానూ ఉంటుంది. వాళ్ళేం చేస్తున్నారో సగం అర్థం కాదు. అసలు ఏజెంట్లను 'వాళ్ళు' అనాలో 'అవి' అనాలో కూడా ఆమె ఇంతవరకు తేల్చుకోలేదు.

దీనంతటికీ మొదలు శ్రావణమాసం. నలభై ఏళ్ళుగా గజేందర్ ఒక్క బుకింగునూ కాగితం మీద పెట్టిన మనిషి కాదు. ఏ తారీఖున ఏ ఊరికి ఎన్ని కుర్చీలు, ఎవరింటికి పెద్ద కాగు, అంతా ఆయన తలలోనే. అలాంటి మనిషి ఈ శ్రావణంలో ఒకే షామియానాను రెండు పెళ్ళిళ్ళకు ఒప్పుకున్నాడు. మద్దూరులో పెళ్ళివాళ్ళు ఎండలో నిలబడి అక్షింతలు వేశారు. "యాదికి రాలే" అన్నాడు ఆయన. వారం రోజులు సరిగా అన్నం తినలేదు.

అప్పుడు ముందుకొచ్చింది కోడలు. బీకాం చదివింది, పెళ్ళయి ఈ ఇంటికొచ్చి మూడేళ్ళు. కోడ్ రాయడం రాదు. ఏం కావాలో తెలుగులో చెప్పినా చాలు, ఏజెంట్లే సాఫ్ట్‌వేర్ కట్టిపెడతాయని వీడియోల్లో చూసి, మధ్యాహ్నాలు కునుకు మానుకుని నేర్చుకుంది. పెద్ద ఏజెంటు ఒకటి ఉంటుంది. పెళ్ళివంటలో పెద్ద వంటమనిషి తన మనుషులకు పని పంచినట్టు, అది చిన్న ఏజెంట్లకు పంచుతుంది. ఒకటి రాస్తుంది, ఒకటి పరీక్షిస్తుంది, ఇంకొకటి వచ్చి అంతా బాగుందంటుంది. మధ్యమధ్యలో ఆగి, ఇలా చేయమంటారా అని అడుగుతాయి. సింధుజ 'సరే' అన్న బొత్తాం నొక్కుతుంది. మొదట్లో ప్రతిదీ చదివి నొక్కేది. దసరాకు సాఫ్ట్‌వేర్ నడకలో పడ్డాక చదవడం పోయి నొక్కడం మిగిలింది.

"అరవై కుర్చీలు, ఒక షామియానా, రెండు దరీలు, బగోనెలు. అన్నీ ఒచ్చినయ్," అని కేకేశాడు చిరంజీవి. సింధుజ భర్త. బండి నడిపేదీ, గుంజలు పాతేదీ అతనే. జేబులోంచి ఫోన్ తీసి సాఫ్ట్‌వేర్‌లో 'వాపస్' అని నొక్కాడు.

"పసుపునీళ్ళు చల్లినాకనే లోపల పెట్టురి," అంది రోజారాణి.

ఆ సామాను నారాయణరావుపేట నుంచి, రాజమల్లయ్య ఇంటి నుంచి వచ్చింది. ఆదివారం ఆయన భార్య చంద్రవ్వ చనిపోయింది. రాజమల్లయ్య, గజేందర్ నలభై ఏళ్ళ దోస్తులు. కబురు తెలిసిన గంటలోనే, వాళ్ళు అడగకముందే గజేందర్ సామాను పంపించాడు. ఈరోజు మూడో దినం, పోయినవాళ్ళ పేరున పిట్టకు ముద్ద పెడతారు. అందుకని తెల్లవారుతూనే ఆయన కూడా అక్కడికి వెళ్ళాడు.

పదకొండింటికి తిరిగొచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే మెట్లెక్కి పైకి వచ్చేశాడు. చావింటికి వెళ్ళొచ్చిన మనిషి అలా గడప దాటడం చూసి రోజారాణి కంగారుగా వెనకే వచ్చింది.

"సిందూ! గిది ఎవలు పంపిన్రు?"

సింధుజ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మామ చేయి ముందుకు చాచాడు. ఆ చేతిలో ఫోన్. అందులో రాజమల్లయ్య కూతురు ప్రసూన పంపిన ఫోటో. ఆ ఫోటోలో ఒక మెసేజ్.

'రాజమల్లయ్య గారూ! మీ ఇంటి వేడుకలో మమ్మల్ని భాగం చేసినందుకు ధన్యవాదాలు. మీ ఆనందమే మా ఆనందం. త్వరలోనే మరో వేడుకకు మీ ఇంటికి మళ్ళీ వస్తాం. గజేందర్ టెంట్‌హౌస్.' చివర రెండు పువ్వులు, ఒక పటాకుల బొమ్మ.

సింధుజ రెండుసార్లు చదివింది. అక్షరాలు తెలుస్తున్నాయి, సంగతి తెలియడం లేదు. ఇలాంటి మాట తను ఎప్పుడు రాసింది? ఎందుకు రాస్తుంది?

"రాజమల్లుకు చదువు రాదాయె," అన్నాడు గజేందర్. "ఎవలో చుట్టాలు పెట్టిన్రు గావచ్చు, చదువు బిడ్డా అని ప్రసూనకు ఇచ్చిండు. ఇరవై మంది ముంగట అది పైకి చదివింది. సగం చదివి ఆగి నా మొకం చూసింది. భూమి పగిలితే బాగుండు అనిపిచ్చింది నాకు."

"అయ్యో దేవుడా," అని రోజారాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పదకొండో దినానికి ఎవలి సామానన్న తెచ్చుకుంట గని నీది వద్దన్నడు. నలభై ఏండ్ల సంది వాని వాకిట్ల నా గుంజ తప్ప ఇంకోనిది దిగలే. చెప్పు, ఎవలు రాసిన్రు గిది?"

"నేను రాయలే మామా."

"మరి ఎవలు?"

"ఏజెంటు రాసింది."

"వాడేడుంటడు? ఏ ఊరోడు? ఫోన్ కలుపు, నేను మాట్లాడుత."

"మనిషి కాదు మామా. సాఫ్ట్‌వేర్ల ఉంటది. మనం చెప్పినట్టు చేస్తది."

"అంటే నువ్వు చెప్పినవా?"

"నేను చెప్పలే..."

"మా తమ్మున్ని దుబాయ్ పంపుతనని ముంచినోడు గూడ ఏజెంటే," అని రోజారాణి మధ్యలో ముక్కు చీదింది. "గా పేరు ఇన్నప్పుడే నాకు మంచిగనిపియ్యలే."

గజేందర్ కొడుకు వైపు తిరిగాడు. "నువ్వు పంపినవారా?"

"నాకేం తెల్సు బాపూ! సామాను ఒచ్చినాక వాపస్ నొక్కుమంది, నొక్కిన. నొక్కంగనే మెసేజ్ పోతదని నాకు ఎవలు చెప్పిన్రు?"

"అంటే నువ్వు పంపలే. ఈ పిల్ల రాయలే. ఆ ఏజెంటు మనిషే కాదు. ఎవ్వలు రాయలే, ఎవ్వలు పంపలే, మెసేజ్ మాత్రం పోయింది."

సింధుజకు నిజంగానే అయోమయంగా ఉంది. తప్పు చేసినట్టే ఉంది, కానీ ఏ తప్పు ఎప్పుడు చేసిందో వెతికితే దొరకడం లేదు.

"ఇయ్యాల్టి సంది ఆ సాఫ్ట్‌వేర్ బంద్," అన్నాడు గజేందర్. "లాప్‌టాప్ తీసి బీరువల పెట్టు. నా తలకాయ ఉన్నది, అది చాలు."

"శ్రావణంల ఏమైందో మర్శినవా బాపూ?" అనేశాడు చిరంజీవి.

అన్నాక నాలుక కరుచుకున్నాడు కానీ ఏం లాభం? గజేందర్ కొడుకును ఒక్క నిమిషం చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అందుకే చిరంజీవికి భయమేసింది. గజేందర్ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ పూట ఇంట్లో ఎవరూ తినలేదు.

మధ్యాహ్నం సింధుజ లాప్‌టాప్ తెరిచింది. బీరువాలో పెట్టమన్న మాట నిజమే. పెట్టే ముందు ఒక్క సంగతి తెలుసుకోవాలి. 'రాజమల్లయ్య గారికి వెళ్ళిన మెసేజ్ ఎవరు రాశారు?' అని పెద్ద ఏజెంటును అడిగింది. అది తడబడకుండా, మర్యాదగా, తారీఖుతో సహా పాత మాటలన్నీ ముందు పెట్టింది.

అది సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన శుక్రవారం. ఏయే కార్యాలకు సామాను పోతుందో తను జాబితా రాసింది. పెళ్ళి, ఓణీలు, గృహప్రవేశం, పుట్టినరోజు, దావత్. ఆ తర్వాత 'ఇతరములు' అని ఉంది. సింధుజకు ఆ రోజు కళ్ళముందు కదిలింది. ఇతరములు కాదు తను మొదట రాసింది. 'చావు' అని రాసింది. అటుగా దీపం పట్టుకుని వెళుతున్న అత్తమ్మ తెర మీదికి తొంగిచూసి, శుక్రవారం పూట కొత్త పని మొదలుపెట్టుకుంటూ ఆ మాట రాస్తావా అని కోప్పడితే చెరిపేసింది.

దాని కింద ఏజెంటు అడిగిన ప్రశ్న ఉంది. 'ఇతరములు అంటే ఎలాంటి సందర్భాలు? అన్నీ శుభకార్యాలేనా? దాన్ని బట్టి, సామాను తిరిగొచ్చాక పంపే సందేశం రాయాలి.'

ఆ ప్రశ్న కింద తన జవాబు. 'నీకు తోచినట్టు రాయి.'

ఇంకా కిందికి జరిపింది. అదే మెసేజ్, ఇవాళ పోయిన మెసేజ్, పువ్వులతో పటాకులతో సహా దసరా దాటిన వారంలో ఆమె ముందుకు వచ్చి నిలబడింది. ప్రతి ఇంటికీ ఇదే పంపవచ్చునా అని ఏజెంటు అడిగింది. పక్కనే ఉంది తను నొక్కిన 'సరే'.

సింధుజ లాప్‌టాప్ మూసేసింది. ఇన్ని మాటలు పైకి జరిపి చదివేవాళ్ళు ఈ ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు. మిషన్ పాడై అలా పంపింది మామా అంటే నమ్ముతారు. అత్తమ్మ ముందుగా నమ్ముతుంది. ఒక్క అబద్ధంతో అంతా సర్దుకుంటుందని తోచగానే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఏడుపు ముంచుకొచ్చింది.

చిరంజీవి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె చెప్పిందంతా విని తల గోక్కున్నాడు.

"అంటే అది అడిగిందా?"

"అడిగింది. నేనే చెప్పలే."

"చెప్పాల్సి వస్తే ఏం చెప్పేదానివి?"

సింధుజ ఆలోచించింది. చావింటికి సామాను పంపేటప్పుడు మామ ఏం చేస్తాడో ఆమెకు తెలియదు. మూడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. తనకే తెలియని పనిని ఏజెంట్లకు చెప్పి చేయించింది!

"తప్పు నాది," అంది తలుపు దగ్గర నుంచి రోజారాణి. ఎప్పుడొచ్చిందో. "రాసినదాన్ని నేనే చెరిపిచ్చిన. మీ మామకు నేను చెప్త."

"వద్దత్తమ్మా. నువ్వు మాట చెరిపిచ్చినవ్ గంతే. చదవకుంట నొక్కింది నేను." సింధుజ లేచి ముఖం కడుక్కుంది. "ఏమయ్యా, బండి తియ్యి. నారాయణరావుపేట పోదాం."

"వాళ్ళు తిడుతరు."

"తిట్టనియ్యి."

మూడు దాటాక వాళ్ళు రాజమల్లయ్య ఇల్లు చేరారు. వాకిట్లో ఇద్దరు ముగ్గురు చుట్టాలు తప్ప ఎవరూ లేరు. రాజమల్లయ్య గోడకు ఆనుకుని నులకమంచం మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి, మూడు రోజుల్లోనే సగమయ్యాడు. ప్రసూన గడపలోనే ఎదురైంది.

"ఇంకేం మెసేజ్ తెచ్చినవ్?" అంది.

"ఆ మెసేజ్ నాదే వదినా," అంది సింధుజ. దారంతా కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. "సాఫ్ట్‌వేర్ రాసింది గని, రాయుమన్నది నేనే. మా మామకు తెల్వదు. ఆయన మీద కోపం పెట్టుకోకురి. నన్ను అనురి."

"మా అవ్వ పోయిన ఇంటికి వేడుక అని ఎట్ల రాయబుద్దయింది నీకు? పైకి చదివింది నేను. నా నోటితోని నేనే చదివిన," అంటూ ప్రసూన ఏడ్చేసింది. సింధుజ కూడా ఏడ్చింది. చిరంజీవి ఎటు చూడాలో తెలియక చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు.

"ప్రసూనా, ఆ పిల్లను ఇటు రానియ్యి," అన్నాడు రాజమల్లయ్య.

సింధుజ వెళ్ళి మంచం దగ్గర కింద కూర్చుంది.

"గా మిషినుకు ఏం చెప్పినవ్ బిడ్డా?"

"నీకు తోచినట్టు రాయుమన్న పెద్దమామా."

"రాసినాక నీకు చూపెట్టలేదా?"

"చూపెట్టింది."

"చదివినవా?"

"చదవలే. సరే అని నొక్కిన."

రాజమల్లయ్య మంచం మీద ముందుకు వంగాడు. తర్వాత తన కుడిచేతి బొటనవేలు పైకెత్తాడు. తాటిచెట్ల గరుకుకు అరిగి నున్నగా, బొగ్గులా నల్లగా ఉంది.

"నాకు చదువు రాదు. ఏ కాయితం పెట్టినా ఏలిముద్ర ఏసిన. దాంట్ల ఏమున్నదో నాకు తెల్వదు, ఎవలన్న చెప్తే తెల్సేది. పెట్టినప్పుడల్లా భయమే. నువ్వు సదువుకున్న పిల్లవు గదా. చూసి, చదివే తెలివుండి, నువ్వెందుకు ఏలిముద్ర ఏసినవ్?"

సింధుజ తన బొటనవేలు చూసుకుంది. ఇప్పటిదాకా చుట్టూ కమ్ముకున్న మబ్బంతా ఆ ఒక్క మాటతో విడిపోయింది. ఎవరు రాశారు, ఎవరు పంపారు అని పొద్దుటి నుంచి వెతుకుతోంది. వేలు తనది.

"మీ మామ ఎప్పుడొచ్చినా పోయేటప్పుడు మల్లొస్త అని పోతడు," అన్నాడు రాజమల్లయ్య మెల్లగా. "ఆదివారం రాత్రిదాకా ఉండి, ఏం అనకుంట లేశి పోయిండు. చావింట్ల ఆ మాట అనొద్దు. అంటే చావు మల్లొస్తదని మా పెద్దలు అంటరు. వాడు ఉత్తగనే నా భుజం మీద చెయ్యేసి పోయిండు. గసొంటోని పేరు మీద మల్లొస్తమని వస్తే నాకెట్లుండాలె? నా పెండ్లికి వాడు వేసిందే వాని మొదటి షామియానా. చంద్రవ్వ తలమీద పడ్డ మొదటి నీడ వాడు వేసిందే."

"ఇవన్నీ నాకు తెల్వదు పెద్దమామా. మామ చెప్పలే."

"నువ్వు అడిగినవా?"

"అడగలే."

ఆయన పోనీలే అనలేదు, క్షమించానని అనలేదు. సింధుజ లేచి నిలబడింది. అలవాటుగా 'పోయొస్త' అన్న మాట పెదవుల దాకా వచ్చింది. చప్పున మింగేసింది. వంగి ఆయన కాళ్ళకు మొక్కి, చిరంజీవి వెనక బయటికి నడిచింది. తనను క్షమించారో లేదో అర్థం కాకుండానే బండెక్కింది.

ఇంటికొచ్చేసరికి గజేందర్ కింద గోదాములో, కట్టిన షామియానా మూట మీద కూర్చుని ఉన్నాడు. సింధుజ ఆయన ముందు నిలబడి ఒక్కటీ దాచకుండా చెప్పింది. శుక్రవారం చెరిపిన మాట, ఏజెంటు అడిగిన ప్రశ్న, తన జవాబు, నారాయణరావుపేటలో వేలిముద్ర సంగతి, అన్నీ. చెప్పి, "లాప్‌టాప్ బీరువల పెడత మామా," అంది.

గజేందర్ నేల చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి చూస్తే ఆయన భుజాలు కదులుతున్నాయి. ఆయన ఏడవడం సింధుజ ఎన్నడూ చూడలేదు. భయపడి పక్కన కూలబడింది.

"పెట్టకు బిడ్డా. బంద్ అన్న గని, అది బంద్ అయితే నేనేం చెయ్యాలె?" అన్నాడు. "పొద్దున ఆడ కూసున్న. ఎవలో ఒచ్చి, పోయినామె పేరేందని అడిగిన్రు. నలభై ఏండ్లు నాకు చేతుల ముద్ద పెట్టింది ఆమె. పేరు యాదికి రాలే. ఎంత ఎతికినా దొరకలే. దగ్గొచ్చినట్టు చేసి అవతలికి పోయిన. మెసేజ్ కోపం నీ మీద తీసిన గని, నాకు నా తలకాయ మీదనే కోపం. శ్రావణం సంది భయంగ ఉంది. ఒక్కొక్కటి జారిపోతుంది సిందూ, ఏది ఉన్నదో ఏది పోయిందో నాకే సమజైతలేదు."

"నాకు చెప్పొచ్చు గద మామా."

"ఎట్ల చెప్పాలె? ఈ పని ఎట్ల చేస్తవని నన్ను ఎవలు అడిగిన్రు? నా కొడుకు గూడ ఎన్ని కుర్చీలో అడుగుతడు, గంతే."

మెట్ల మీద నిలబడ్డ చిరంజీవి తల దించుకున్నాడు. శ్రావణం మాట అన్నప్పటి నుంచి అతనికి తండ్రి ఎదుట పడే ధైర్యం లేదు. వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని, "తప్పయింది బాపూ," అన్నాడు.

సింధుజ పైకి వెళ్ళి లాప్‌టాప్ తెచ్చింది. షామియానా మూట మీదే, మామ పక్కన కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఇప్పుడు అడుగుతున్న మామా. చావింటికి సామాను ఎట్ల పంపుతవ్?"

గజేందర్ కళ్ళు తుడుచుకున్నాడు. ఒకటొకటిగా చెప్పుకొచ్చాడు. వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు. రంగురంగులది కాదు, తెల్ల షామియానానే పంపాలి. సందులోకి వెళ్ళాక హారన్ కొట్టొద్దు. ఎన్ని రోజులు కావాలని అడగొద్దు, వాపస్ ఎప్పుడని ఫోన్ చేయొద్దు. గుంజలు పీకేటప్పుడు నవ్వులాటలు వద్దు. సింధుజ రాసిన ప్రతి ముక్కా పైకి చదివి వినిపించింది. ఆయన రెండుచోట్ల కాదని దిద్దాడు.

"పైన ఏమని పేరు పెట్టాలె?" అని ఆగింది సింధుజ.

రోజారాణి ఎప్పుడో వచ్చి పక్కన నిలబడి ఉంది. "చావు అనే రాయి. ఉన్నది రాయకుంటే పోతదా?" అంది.

రాసింది. ఏజెంట్లు తమలో తాము పనులు పంచుకుని, కాసేపటికి ఒక సంతాప సందేశం రాసి ముందు పెట్టాయి. సింధుజ చదివి వినిపించింది.

"మంచిగనే రాసింది," అన్నాడు గజేందర్. "గని వద్దు. ఆడికి మనిషి పోవాలె. మెసేజ్ పోవద్దు."

అదే మాట సింధుజ ఏజెంటుకు రాసింది. వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. 'ఆ ఇంట్లో తర్వాత శుభకార్యం జరిగితే మళ్ళీ సందేశాలు పంపాలా? ఎంతకాలం ఆగాలి?'

సింధుజకు తెలియదు. ఈసారి తోచినట్టు చేయమనలేదు. మామ ముఖం చూసింది.

"ఇసొంటియి గూడ అడుగుతదా?" గజేందర్ ఆశ్చర్యపోయాడు.

"అడుగుతది మామా. అప్పుడు గూడ అడిగింది."

"ఏడాది మాసికం అయ్యేదాక ఏం పంపొద్దని చెప్పు. అయినాక గూడ నన్ను అడిగి పంపుమను. నాకు యాది లేకుంటే నిన్ను అడుగుమను."

ఆ మాటకు సింధుజ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఇల్లు తనను నమ్మిందని ఆమెకు అప్పుడు తెలిసింది. పెదవి కొరుక్కుని టైపు చేసింది.

చీకటి పడుతుండగా గజేందర్ ఫోన్ మోగింది. రాజమల్లయ్య. స్పీకర్ నొక్కి ఫోన్ అరచేతిలో పెట్టుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్ళ ఊపిరి మాత్రం గోదాములో వినిపిస్తోంది.

చివరికి మాట అటువైపు నుంచే వచ్చింది. "గజేందరూ, పదకొండో దినానికి సామాను ఎప్పుడు తెస్తవ్?"

"నువ్వు ఎప్పుడంటే అప్పుడు తెస్తరా."

"నీ కోడలును గూడ తోలుకరా. ఏడ్సుకుంట పోయింది పిల్ల. ఈడ అన్నం తిని పోవాలె."

గజేందర్ ఫోన్ పెట్టేశాడు. కోడలి వైపు తిరిగాడు.

"రాసుకో బిడ్డా. నారాయణరావుపేట. తెల్ల షామియానా, వంద కుర్చీలు, పెద్ద కాగు ఒకటి."

"ఎవరి పేరు మీద రాయాలె మామా?"

గజేందర్ కళ్ళు మూసుకున్నాడు. సింధుజ పేరు అందించలేదు, తొందరపెట్టలేదు. ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి.

"చంద్రవ్వ," అన్నాడు. "చంద్రవ్వ అని రాయి. మల్ల మర్శిపోత గావచ్చు, మంచిగ కనవడేటట్టు పెద్దగ రాయి."

సింధుజ రాసింది. మొదటి నుంచి చివరి దాకా ఆయనకు చదివి వినిపించింది. ఆయన తల ఊపాక, అప్పుడు నొక్కింది.